వెళ్ళొస్తామన్న మాట

తలుపు తోసి చూస్తే మళ్ళీ అదే అవ్వ.

అదే గుమ్మం, అదే పీట, అదే మజ్జిగ కుండ. అవ్వ తల ఎత్తి నవ్వింది.

"వచ్చారా నాయనా! కాళ్ళు కడుక్కోండి."

యువరాజు ఉదయకేతుడు కత్తి పిడి మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయాడు. వెనక ఉన్న సైనికులు ఒకరినొకరు తోసుకుంటూ అతని భుజాల మీదుగా లోపలికి తొంగి చూశారు. పొద్దున ఈ ఇంటి నుంచే ఉత్తరంగా బయల్దేరారు. ఎక్కడా పక్కకు మళ్ళలేదు. కొండ ఎక్కారు. కొండ దిగారు. దిగినచోట ఇదే ఇల్లు. ఇలా రావడం ఇది మూడోసారి.

ఆలస్యం చేసే వీలు లేదు. తామ్రపురిలో యువరాజు తండ్రి ప్రతాపకేతు మహారాజు రాయి అయిపోతున్నాడు. కరాళుడనే మాంత్రికుడు పెట్టిన శాపం అది. పాదాల దగ్గర మొదలైంది. యువరాజు బయల్దేరేనాటికి నడుము దాకా వచ్చింది. ఇప్పుడు ఎక్కడిదాకా పాకిందో తెలియదు. పెదవులు దాటితే మందు పోయడానికి నోరు ఉండదు.

మందు దొరికింది. నాగులగుహలో పాములతో పోరాడి తెచ్చిన నల్లవేరు యువరాజు నడుముకు తడిగుడ్డలో కట్టి ఉంది. ఆ పోరులో గుర్రాలు పోయాయి. తిప్పన్న అనే సైనికుడి గొంతు మీద పాము కాటు వేసింది. ప్రాణం దక్కింది గాని నోట మాట పోయింది, కాళ్ళు పట్టుదప్పాయి. అతణ్ణి జోలెలో మోసుకు వస్తున్నారు. వేరు తడిగా ఉన్నంతసేపే మందు. ఎండితే ఉత్త పుల్ల.

ఆ ఇంటిని గురించి ఏం చెప్పాలి? బయటినుంచి చూస్తే తాటాకు పాక. వంగితే గాని లోపలికి పోలేము. లోపల అడుగు పెడితే తామ్రపురి కోటలో లేని వైభవం. స్తంభాలు నీలపురాతివి. చెయ్యి ఆనిస్తే కొత్త కుండలో నీళ్ళంత చల్లన. పైకప్పు పురి విప్పిన నెమలి లాంటిది, చూస్తూ ఉంటే ఈకలు మెల్లగా కదులుతాయి. గోడల నిండా దీపాలు. నూనె లేదు, వత్తి లేదు, వెలుగు మాత్రం ఉంది. చాప మీద కూర్చుంటే కోసిన వరి వాసన వచ్చి నిద్ర ముంచుకొస్తుంది. కిటికీ అవతల పొగమంచు. ఉడుకుతున్న అన్నం మీది ఆవిరిలా సుళ్ళు తిరుగుతూ ఉంటుంది. అది పగలో సాయంత్రమో ఎవరికీ తెలియదు.

అవ్వ పేరు నీలవ్వ. కరాళుడి అక్క. ఆ సంగతి మొదటి రోజే చెప్పింది, దాచలేదు. "తమ్ముడి గొడవలు తమ్ముడివి. ఇంటికొచ్చినవాళ్ళకు అన్నం పెట్టడం నా పని" అంది. పెట్టింది కూడా. విషం లేదు, మత్తు లేదు. కమ్మని చారు, గోంగూర, మీగడ మజ్జిగ. వెళ్ళేటప్పుడు తలుపు దగ్గర తాంబూలం పట్టుకుని నిలబడేది. "చెప్పి వెళ్ళండి నాయనా" అనేది. సెలవు మాట చెప్పేదాకా తలుపు కదిలేది కాదు. చెప్పగానే దానంతట అదే తెరుచుకునేది. దళపతి పోలినాయుడు రెండోసారి గొడ్డలితో తలుపు మీద కొట్టి చూశాడు. గొడ్డలి పిడి విరిగింది.

యువరాజు గిర్రున వెనక్కి తిరిగాడు.

"గురవడెక్కడ?"

గురవడు దారి చూపించడానికి వచ్చిన మనిషి. జుట్టు నెరిసింది గాని కాలు ఇంకా కుర్రదే. నాగులగుహకు చేర్చిందీ అతనే. ముందుకొచ్చి నిలబడ్డాడు.

"నువ్వు ఎవరి కూలి తింటున్నావురా? నాదా, కరాళుడిదా?"

"దొరా, మొదటిసారి నేను దారి చూపించా. రెండోసారి నన్ను ఎనక్కి నెట్టి పోలినాయుడు చూపించాడు. మూడోసారి తమరే ముందు నడిచారు. తమరి ఎనకాల తిప్పన్న జోలె మోస్తా నేనొచ్చా. మూడుసార్లూ ఇక్కడికే చేరాం. మూడుసార్లూ తప్పు నాదేనా?"

వెనక ఎవడో కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వు చెవిన పడగానే యువరాజు ముఖం ఎర్రబడింది. కొరడా లేచింది. గురవడి భుజం మీద పడింది.

గురవడు భుజం తడుముకోలేదు. చేతికున్న వెండి కడియం తీశాడు. అది యువరాజు ఇచ్చిందే. నేల మీద పెట్టాడు.

"మీ తిప్పలు మీరు పడండి. నేను పోతున్నా. ముసలీ, తలుపు తియ్యి."

తలుపు తెరుచుకుంది. పొగమంచులోకి దిగి గురవడు కనబడకుండా పోయాడు. అవ్వ తాంబూలం పళ్ళెం పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఆమె నవ్వలేదు. మూడు పూటల నుంచి ఆ ముఖం మీద నవ్వు లేకపోవడం అదే మొదలు.

"పోనీండి దొరా" అన్నాడు పోలినాయుడు. "ఎక్కడికి పోతాడు? కాసేపటికి ఆ గుమ్మంలోనే తేలతాడు. అప్పుడు అడుగుదాం, ఏం మామా, ఊరంతా బాగున్నారా అని."

అందరూ గుమ్మం కేసి చూస్తూ కూర్చున్నారు. అవ్వ చారు కాచింది. తిన్నారు. గురవడు రాలేదు.

యువరాజుకు అనుమానం పెరిగింది. వాడు కరాళుడి దగ్గరికి పోయి చెప్పేస్తే? ఇద్దరు సైనికుల్ని పిలిచాడు. "అడుగులు పట్టుకుని పోండి. వాణ్ణి పట్టుకు రండి." వాళ్ళిద్దరూ గుమ్మం దగ్గర అవ్వకు దణ్ణం పెట్టి చెప్పవలసిన మాట చెప్పి బయటపడ్డారు.

మజ్జిగ తాగినంతసేపు కాలేదు. ఇద్దరూ గుమ్మంలో ఉన్నారు. ముఖాల్లో నెత్తురు చుక్క లేదు.

"గురవడు పోయాడు దొరా!"

పోలినాయుడు గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "అయ్యో! ఎట్టా పోయాడ్రా? పులా?"

"పులేంది నాయుడూ?"

"పోయాడన్నావు గదరా!"

"పోయాడంటే పోయాడు. నడిచి పోయాడు. ఆయన అడుగులు తడిమట్టిలో అద్దినట్టున్నయి. తిన్నగా కొండ మీదికి పోయినయి. మేం ఆ అడుగుల్లోనే అడుగులేశాం. మేమూ తిన్నగానే నడిచాం. ఇక్కడికొచ్చాం."

"మరి ఆయన అడుగులు?"

"అవి అటే పోయినయి. మేమే ఇటొచ్చాం. మాకూ అర్థం కాలా."

ఎవరికీ అర్థం కాలేదు. ఒకటే దారి. ఒకటే మట్టి. ఒక్క మనిషి అవతలికి పోయాడు. మిగతావాళ్ళు పోలేకపోతున్నారు. వాడు చేసిందేమిటి, తాము చేయనిదేమిటి?

తలా ఒక మాట అన్నారు. చెప్పులు లేకుండా పోయాడని ఒకడు. ఎడమకాలు ముందు పెట్టాడని ఒకడు. మజ్జిగలో ఉప్పు వేసుకోలేదని ఒకడు. యువరాజు అన్నీ చేసి చూద్దామన్నాడు. అందరూ చెప్పులు చంకన పెట్టుకున్నారు. ఎడమకాలు ముందు పెట్టారు. ఒకడు కంగారులో రెండు కాళ్ళూ ఒకసారే పెట్టి బోర్లాపడ్డాడు. వంకలో దిగి, వాగు దాటి, ముళ్ళపొద చుట్టి వస్తే ఆ పొద అవతల అవ్వ చీపురు పట్టుకుని వాకిలి ఊడుస్తోంది.

"చెప్పులు వేసుకోండి నాయనా, ముళ్ళుంటాయి" అంది.

యువరాజు లోపలికి వచ్చి తడిగుడ్డ విప్పి చూశాడు. వేరు చివర తెల్లబడింది. మళ్ళీ నీళ్ళు చల్లి కట్టాడు. సైనికులు తన ముఖం చూడకుండా స్తంభం చాటుకు తిరిగాడు.

"పోలినాయుడూ, ఇలా రా. గురవడు గుమ్మం దగ్గర ఏమన్నాడు?"

"ఎందుకు లెండి దొరా."

"ఏమన్నాడు చెప్పు."

"నా నోటితో అనను. శుభమా అని ఇళ్ళకు చేరాల్సినోళ్ళం."

"చెవిలో చెప్పు."

పోలినాయుడు మూడుసార్లు చెంపలు వేసుకుని యువరాజు చెవిలో గొణిగాడు. యువరాజు నెమ్మదిగా అవ్వ వైపు తిరిగాడు.

"అవ్వా, ఇన్నిసార్లు మేము నీతో ఏమని చెప్పి వెళ్ళాం?"

అవ్వ గలగలా నవ్వింది. నెమలి కప్పు మీది ఈకలన్నీ ఆ నవ్వుకు జలజలమన్నాయి.

"ఇన్నాళ్ళకు అడిగావు! వెళ్ళొస్తామన్నారు నాయనా. ప్రతిసారీ అన్నారు. దణ్ణం పెట్టి మరీ అన్నారు. వెళ్ళారు, వచ్చారు. నేను రమ్మన్నానా? నా తలుపు ఎవరి మాట వాళ్ళ చేత నిలబెట్టిస్తుంది, అంతే. పెద్దింటి పిల్లవాడివి. తల్లి బాగా పెంచింది. పెద్దవాళ్ళ దగ్గర సెలవు తీసుకోవడం మరిచిపోలేదు."

సైనికులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ మాట అన్నదెవరు? ఇరవైమంది తరఫునా ప్రతిసారీ ముందు నిలబడి ఆ మాట అన్నది యువరాజే. దెబ్బ తిన్నది గురవడు.

"అయితే ఇంకేముంది" అన్నాడు ఒక సైనికుడు. "గురవడు అన్న మాటే అనేస్తే సరి."

"అనండి" అంది అవ్వ. పళ్ళెం కింద పెట్టింది. "కాని ముందే చెబుతున్నా. మీరు ఇళ్ళు వదిలి వచ్చేటప్పుడు మీవాళ్ళతో కూడా వెళ్ళొస్తామనే చెప్పి వచ్చారు గదా. ఆ మాటలే ఇన్ని అడవుల్లో, పాముల్లో మిమ్మల్ని కాచాయి. నా గడప మీద నిలబడి పోతున్నానన్నవాడికి ఆ మాటలన్నీ ఇక్కడే రాలిపోతాయి. ఆ తర్వాత ఇల్లు చేరితే చేరతారు. లేకపోతే లేదు. గురవడికి ఆ బాధ లేదు. అతను ఎవరితోనూ చెప్పి రాలేదు."

గడప వైపు లేచినవాళ్ళు వెనక్కి తగ్గారు.

"ఇంకో మాట. గడప దాటితే మీరు నా అతిథులు కారు. అప్పుడు నేను కరాళుడి అక్కనే."

పోలినాయుడు చాప మీద కూలబడ్డాడు. "నా ఆడది నిండు చూలాలు దొరా. వాకిట్లో నిలబడి పసుపు చేత్తో నా చెయ్యి పట్టుకుంది. వెళ్ళొస్తానన్నా. ఆ మాట చెరిపేసుకోనా?"

"దొర అంటే చాలు" అంది అవ్వ మెత్తగా. "ఏలికవాడి మాట తనవాళ్ళందరికీ చెల్లుతుంది. ఇన్నిసార్లూ అట్టాగే చెల్లింది. ఒక్కమాట అను నాయనా. అందరూ బయటపడతారు. వేరు ఎండిపోతోంది."

యువరాజు నోరు తెరిచాడు. ఇరవై జతల కళ్ళు ఆ నోటి మీదే ఉన్నాయి.

నోరు మూశాడు.

తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు. తామ్రపురిలో పెద్దల ముందు తప్పు ఒప్పుకునేవాడు అలా చేస్తాడు. రాచబిడ్డ సైనికుల ముందు అలా చేయడం అక్కడున్నవాళ్ళెవరూ చూడలేదు. ఒకరిద్దరు లేచి నిలబడ్డారు. కూర్చోవాలో నిలబడాలో వాళ్ళకు తెలియలేదు.

"ఇన్నిసార్లు మీ అందరి మాటా నేనే అన్నాను. మిమ్మల్ని ఒక్కసారీ అడగలేదు. అందుకే ఇక్కడ తిరుగుతున్నాం. ఇక మీ మాట నేను అనను. ఎవరి మాట వాళ్ళే అనుకోండి. రానివాళ్ళు ఇక్కడే ఉండండి. తప్పు పట్టను."

"తమరు దొరలు" అన్నాడు ఒక ముసలి సైనికుడు, సగం కోపంగా. "పొమ్మంటే పోతాం. ఉండమంటే ఉంటాం. మమ్మల్ని అడిగితే మాకేం తెలుసు?"

"నాకూ తెలియదు" అన్నాడు యువరాజు.

ఆ మాట విని వాళ్ళు ఇంకా తికమకపడ్డారు. ఇంతకాలం ఆయనకు తెలియనిది లేదు. తెలియకపోయినా తెలిసినట్టు అరిచేవాడు. ఇప్పుడు అరవడం లేదు. ఏం చేయాలి? గుంపులు గుంపులుగా గుసగుసలాడారు. ఒకడు ఏడ్చాడు. ఇద్దరు దెబ్బలాడుకున్నారు.

పోలినాయుడు లేచాడు. ముక్కు చీది పైపంచెతో తుడుచుకున్నాడు. గడప దగ్గరికి పోయి అవ్వ ముఖంలోకి చూశాడు.

"నీ మజ్జిగ తాగి తాగి నా కడుపు చెడిందే ముసలీ. ఈడ కూర్చుంటే నా బిడ్డ పుట్టి, పెద్దదై, పెళ్ళి కూడా చేసుకుంటది. నడిస్తే చేరతానో చేరనో, నడవనైనా నడుస్తా." గడప మీద కాలు పెట్టాడు. "నేను పోతున్నా."

తలుపు తెరుచుకుంది. మంచు లేదు. ఒక్క క్షణం ఎండ కనబడింది. తలుపు మూసుకుంది.

ఆ ఎండ చూశాక ఇంకొకడు లేచాడు. తర్వాత ముసలి సైనికుడు. కొందరు గట్టిగా అన్నారు. కొందరు వినబడీ వినబడకుండా అన్నారు. ఒకడు కళ్ళు మూసుకుని తల్లి పేరు తలుచుకుని అన్నాడు. ఇద్దరు మాత్రం కదలలేదు. అన్నదమ్ములు వాళ్ళు. "మా వల్ల కాదు దొరా" అన్నారు. యువరాజు వాళ్ళ భుజాలు తట్టి, తన దుప్పటి వాళ్ళకు కప్పాడు.

జోలెలో తిప్పన్న మిగిలాడు.

యువరాజు అతని పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తిప్పన్నకు మాట రాదు. అతని తరఫున ఎవరో ఒకరు అనాలి. అంటే అతని ఇంటిమాట కూడా రాలిపోతుంది.

"తిప్పన్నా, నీకెవరున్నారు?"

తిప్పన్న చెయ్యి ఎత్తి నేల నుంచి రెండు మూరల ఎత్తు చూపించాడు. చిన్నపిల్ల. జడ ఉన్నట్టు వేలు తిప్పాడు.

"దానికి చెప్పి వచ్చావా?"

తల ఊపాడు.

"నిన్ను ఇక్కడ ఉంచమంటావా? తీసుకుపోమంటావా? నువ్వు ఊ అంటేనే అంటాను."

తిప్పన్న చాలాసేపు కప్పు మీది ఈకలు చూశాడు. ఏదో చెప్పబోయాడు. గొంతులో గురక తప్ప రాలేదు. యువరాజు చెయ్యి పట్టుకుని తన తల మీద పెట్టుకున్నాడు. తర్వాత ఆ చేత్తోనే గుమ్మం చూపించాడు.

యువరాజు అతణ్ణి భుజాన ఎత్తుకున్నాడు. గడప మీద నిలబడ్డాడు. అవ్వ రెండు చేతులతో తాంబూలం ఇచ్చింది. పండు వక్కలు, లేత ఆకులు. ఆమె ముఖం యువరాజు నాయనమ్మ ముఖంలా అయిపోయింది. అవే ముడతలు. అదే బోసినవ్వు.

"వెళ్ళి రా నాయనా. క్షేమంగా వెళ్ళి రా."

"వెళ్ళొ..."

సగం మాట జారిపోయింది. యువరాజు పళ్ళు బిగించి నాలుక కొరుక్కున్నాడు. నోట్లో నెత్తురు ఉప్పగా తగిలింది. నీలపు స్తంభాలు ఊగాయి. గోడ మీది దీపాలు ఒకటొకటే కొండెక్కాయి. తాంబూలం జారి పడింది. పడిన ఆకులు జెర్రులై పాకాయి.

"పోతున్నాం" అన్నాడు. "నేనూ తిప్పన్నా పోతున్నాం."

తలుపు తెరుచుకోలేదు, ఊడి కిందపడింది.

బయట మిట్టమధ్యాహ్నం. కళ్ళు చెదిరే ఎండ. కింద శంఖవాహినీ నది పొంగి పారుతోంది. ఎర్రని నీళ్ళు. వేళ్ళతో సహా పెకలిన చెట్లు దొర్లుకుంటూ పోతున్నాయి, ఏనుగుల మంద నీళ్ళలో దిగినట్టు. ఒడ్డున బయటపడ్డ సైనికులంతా ఉన్నారు. ఒక్కరూ ముందుకు పోలేదు. పోవడానికి చోటు లేదు. వాళ్ళ మధ్య ఒక బండ మీద గురవడు కూర్చుని రెల్లుగడ్డి మోపులు కడుతున్నాడు.

యువరాజు ఒడ్డుకు దిగి, తిప్పన్నను దించి గురవడి ముందుకు వచ్చాడు. గురవడి భుజం మీద కొరడా వాత ఇంకా ఎర్రగా ఉంది.

"దాటగలవా?"

"ఒక్కణ్ణయితే ఈదతా. ఇంతమందిని దాటించాలంటే తెప్ప కట్టాలి. పొద్దు గుంకుతది."

అప్పటిదాకా ఎన్ని నీళ్ళు చల్లినా వేరులో పస నిలవదు. యువరాజు నది కేసి చూశాడు. తాను కోట కోనేట్లో ఈత నేర్చినవాడు. కొండమీద పాక తలుపులోంచి నల్లటి పొగ బయటికి వస్తోంది. పొగకు కాళ్ళు మొలుస్తున్నాయి.

నడుముకున్న తడిగుడ్డ విప్పి గురవడి ముందు పెట్టాడు.

"ఇది మా నాయనగారికి చేర్చు."

గురవడు మోపు కట్టడం ఆపలేదు. "కొరడా ఎత్తి పొమ్మంటావా?"

"లేదు. అడుగుతున్నా. పోనక్కర్లేదు అనుకుంటే పోవద్దు. తప్పు నాది, దెబ్బ నీకు పడింది."

"నే పారిపోతేనో? కరాళుడికి అమ్ముకుంటేనో?"

"అమ్ముకో. నేను దాటలేను. వీళ్ళను వదిలి రాలేను."

గురవడు తల ఎత్తి యువరాజును ఎగాదిగా చూశాడు. చంకలో తలపాగా. పెదవి మీద నెత్తురు. "ఏందయ్యా నీ వాలకం?" అన్నాడు. గుడ్డ తీసుకుని నీళ్ళలో ముంచాడు. జుట్టు ముడిలో పెట్టి గట్టిగా బిగించాడు. రెల్లు మోపు ఒకటి చంకన పెట్టుకుని బండ మీదినుంచి దూకాడు.

ఎర్రనీళ్ళలో తల తేలింది. ఒక మాను వచ్చి పడింది. తల కనబడలేదు.

"దొరా, అటు కాదు, ఇటు!" అని పోలినాయుడు కేక పెట్టాడు.

కొండ మీదినుంచి పొగ తోడేళ్ళు దిగుతున్నాయి. వాటి నోళ్ళలో నిప్పులు. ముందున్న దాని మీద నీలవ్వ కూర్చుని ఉంది, కొంగు నడుముకు దోపి. సైనికులు యువరాజు నోటి కేసి చూడలేదు. అప్పటికే ఒకరి పక్కన ఒకరు నిలబడి తిప్పన్న చుట్టూ ఈటెలు దించారు. వాళ్ళ మధ్య ఒక్క మనిషికి సరిపడా ఖాళీ ఉంది. యువరాజు పరుగెత్తి పోయి ఆ ఖాళీలో నిలబడి కత్తి దూశాడు.

మొదటి తోడేలు గాలిలోకి లేచింది.